గాదెకి గిట్టని చెయ్యి

ఆ గాదెకి అచ్చియ్యమ్మంటే గిట్టదు.

ఈ మాట మొదట అన్నది అచ్చియ్యమ్మే. విన్నవాళ్ళంతా నవ్వారు. గాదెకి గిట్టడమేమిటి, గిట్టకపోవడమేమిటి, అదేమన్నా అత్తగారా, ఆడపడుచా అని వీధి వీధంతా వేళాకోళమాడింది. మొగుడు తవిటినాయుడు మాత్రం నవ్వలేదు. పని ఎగ్గొట్టాలనుకున్న ఆడది ఎన్ని వేషాలైనా వేస్తుందని అరుగు మీద కూర్చున్న నలుగురికీ వినబడేలా అని, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని పొలానికి వెళ్ళిపోయాడు.

నవ్వినవాళ్ళకేం? వాళ్ళ ఇళ్ళల్లో ఉన్నవి వెదురు గాదెలు. అచ్చియ్యమ్మ ఇంట్లో ఉన్నది ప్రాణమున్న గాదె.

దాన్ని తెచ్చిపెట్టినవాడు ఆమె మరిది, డాక్టర్ ఎర్రునాయుడు. సూదిమందు డాక్టరు కాదు. చంపావతి ఒడ్డున ధాన్యం నిల్వల మీద పరిశోధన చేసే కేంద్రం ఒకటుంది, అందులో పెద్ద శాస్త్రవేత్త. తల్లి పోయేనాటికి అతనికి తొమ్మిదేళ్ళు. అప్పుడే కాపురానికొచ్చిన అచ్చియ్యమ్మ అతనికి తల దువ్వింది, ముద్దలు కలిపి పెట్టింది, జ్వరమొస్తే ఒళ్ళో పడుకోబెట్టుకుంది. ఆ సంగతి అతను సభల్లో చెప్తాడు కూడా. చెప్పి చప్పట్లు కొట్టించుకుంటాడు.

ఆ ఏళ్ళలో దేశంలో గోదాములన్నీ పురుగు పాలయ్యాయి. విషం గుళికలు పెట్టి మూసిన గోదాము తలుపు తెరిస్తే, ముక్క పురుగు బస్తాల మీద నింపాదిగా షికార్లు చేస్తోంది. తరాల తరబడి ఆ విషమే తిని దాని ఒంటికి అలవాటైపోయింది. పైవాళ్ళకి చెమటలు పట్టాయి. ఏదో ఒకటి కనిపెట్టమని పరిశోధన కేంద్రాల పీకల మీద కూర్చున్నారు. అప్పుడు ఎర్రునాయుడికి వదిన గాదె గుర్తొచ్చింది. చిన్నప్పట్నుంచీ ఆ ఇంటి ధాన్యంలో పురుగన్నది అతను చూడలేదు.

వచ్చి పీట వేసుకుని కూర్చుని అడిగాడు. అచ్చియ్యమ్మ దాచుకోకుండా చెప్పింది. నీడన ఎండిన వావిలాకు, నలగ్గొట్టిన వస కొమ్ము, పొయ్యి బూడిద, అట్టడుగున వేపాకు. ఏ పొర మీద ఏది వెయ్యాలో, ఎన్నాళ్ళకి మార్చాలో అన్నీ చెప్పింది. అతను రాసుకున్నాడు. ఆ రాసుకున్న దాని మీద ఆరేళ్ళు కుస్తీ పట్టాడు.

ఎండాకు వాసన రెండు నెలల్లో చచ్చిపోతుంది, అదే బతికున్న ఆకైతే చావదు కదా అన్నది అతని ఊహ. వావిలినీ వసనీ ప్రయోగశాలలో కలిపి, ఆ రెంటి గుణమూ ఉన్న కొత్త మొక్క పుట్టించాడు. రెండు ఇనప వలల మధ్య మట్టి పోసి అందులో నాటితే ఆ మొక్కే అల్లుకుని గాదె గోడైపోయింది. ఒక మాఘమాసం ఉదయం దాన్ని లారీలో తెచ్చి, వదిన చేత్తో అలికి పూసుకున్న పాత గాదెని గునపంతో పొడిపించి, దాని చోట నిలబెట్టాడు. అచ్చియ్యమ్మ వాకిట్లో నిలబడి చూసింది. ఎవరూ ఆమెని అడగలేదు.

ఆ రోజే ఊరందరి ముందూ అగ్గిపెట్టెలోంచి నాలుగు ముక్క పురుగుల్ని గాదె మీద వదిలాడు. ఆకుల అడుగులు ఒక్కసారి తెల్లగా తిరగబడ్డాయి. పురుగులు రెండడుగులు వేసి కాళ్ళు పైకెత్తి పడిపోయాయి. అందరూ ముక్కులు ఎగబీల్చారు. కాస్త వావిలాకు వాసన, అంతే. గింజ తినేవాడి వాసన ఈ మొక్క పసిగట్టి నేర్చుకుంటుందనీ, నలభై రోజులు చూస్తే ఇక జన్మలో మరిచిపోదనీ, ఆ ఒక్కడికే పనిచేసే ఘాటు తయారు చేసి వదులుతుందనీ ఎర్రునాయుడు చెప్పాడు. పక్కవాడికి ఏ హానీ ఉండదన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. తవిటినాయుడు తమ్ముడి భుజం మీద చెయ్యేసి ఫొటో తీయించుకున్నాడు.

ఇక్కడ ఆ ఇంటి ఆచారం ఒకటి చెప్పాలి. గాదెలో ధాన్యం పోసేది మగవాళ్ళు. నూర్పులయ్యాక నిచ్చెన వేసి, పై వాకిలిలోంచి బస్తాలకి బస్తాలు పోస్తారు. తీసేది మాత్రం ఇంటి ఆడది. కింద చిన్న కన్నం ఉంటుంది, దానికో చెక్క మూత. రోజూ పొద్దున్న ఆమె ఆ మూత లాగి కుంచెడు ధాన్యం పట్టుకుంటుంది. మగవాడు కన్నంలో చెయ్యి పెడితే ఆ ఏడు గాదె అడుగంటుతుందని భయం. తవిటినాయుడికి యాభై ఏళ్ళొచ్చాయి, ఆ మూత ఎటు లాగాలో అతనికి తెలీదు. పూర్వం అది వారానికోసారి పని. ఇంటింటికీ బియ్యం ఆడే చిన్న మరలొచ్చాక రోజువారీ పనైపోయింది.

మూడో నెలలో గాదె పక్కన పందికొక్కు చచ్చి పడుంది. వెల్లకిలా పడి, నోట్లో ఇంకా రెండు గింజలున్నాయి. ఆ కబురు కేంద్రానికి చేరేసరికి ఎర్రునాయుడు కుర్చీలోంచి ఎగిరి గంతేశాడు. పురుగొక్కటే అనుకుంటే పందికొక్కు కూడానా అని అందరికీ మిఠాయి పంచాడు. అతని కింద పనిచేసే ఝాన్సీ మిఠాయి చేత్తో పట్టుకుని, పందికొక్కుని మనం దానికి నేర్పలేదు కదండీ అంది. అందులోనే ఉంది గొప్పతనమంతా అన్నాడతను. ఏడాదికోసారి కాగితం మీద పొడిగిస్తేనే బతికే ఉద్యోగం ఆ పిల్లది. మిఠాయి నోట్లో వేసుకుని ఊరుకుంది.

అచ్చియ్యమ్మకి దగ్గు అంతకు ముందే మొదలైంది.

మొదట కళ్ళు మండాయి. తర్వాత కుంచం పట్టే కుడిచేతికి నీటి పొక్కులు లేచాయి. ఆ పైన ఊపిరి. గాదె గది గడప దాటితే చాలు, గొంతులో ఎవరో గుడ్డ కుక్కినట్టయ్యేది. బయటికొచ్చి అరుగు మీద కూలబడితే గంటకి గానీ తేరుకునేది కాదు. మిగతావాళ్ళు ఆ గదిలోనే తిరుగుతున్నారు, ఎవరికీ తుమ్మైనా లేదు. విజయనగరంలో డాక్టరు చూసి, మర దుమ్మమ్మా, ముక్కుకి గుడ్డ కట్టుకో అన్నాడు. కట్టుకుంది. కన్నవారింటికెళ్ళి నాలుగు రోజులుంది, చిన్న దగ్గైనా రాలేదు. తిరిగొచ్చి కుంచం తీసుకుని మూత మీద చెయ్యి వేసిందో లేదో, కళ్ళెదుటే ఆకులు తెల్లబడ్డాయి. కన్నం దగ్గర మొదలై పైదాకా. అప్పుడే ఆమె ఆ మాటంది, గాదెకి నేనంటే గిట్టదని.

మరిదికి కబురు పెట్టింది. వచ్చాడు. గాలిని కొలిచే పెట్టె ఒకటి తెచ్చి గదిలో పెట్టాడు. గుమ్మంలో నిలబడ్డ వదిన్ని చూసి విసుక్కున్నాడు.

"నువ్వు అవతలికెళ్ళు వదినా. మనుషులుంటే లెక్క తప్పొస్తుంది."

"నానుంటేనే బాబూ అది సేసేది. నన్ను అది పురుగనుకుంటన్నాది."

"మొక్కకి మనిషెవరో తెలీదు వదినా."

ఆమె వాకిట్లోకి వెళ్ళిపోయింది. పెట్టె సున్నా చూపించింది. చూపించదూ మరి! ఎవరి మీద కక్షో ఆ మనిషిని బయటికి పంపేసి కొలిస్తే ఏం కనబడుతుంది? ఎర్రునాయుడు రిజిస్టరు తెరిచి, వాడేవారికి శరీరంలో ఏ లోపమూ లేదు, బాధ మానసికం అని రాసి సంతకం పెట్టాడు. వెళ్తూ వెళ్తూ అన్నతో వదినకి ఈ వయసులో ఇలాంటివి మామూలేనన్నాడు. తవిటినాయుడికి ఆ ముక్క చాలు. ఆ రోజు నుంచి ఆమె దగ్గితే చాలు, నీ మానసికం మొదలైందా అని దెప్పడం మొదలుపెట్టాడు.

శ్రావణంలో ఒక పొద్దున్న ఆమె కన్నం దగ్గరే పడిపోయింది. పెదాలు నల్లబడ్డాయి. ఆసుపత్రిలో ఆరు రోజులుంచారు. ఆ ఆరు రోజులూ ఆ తర్వాతా గాదెలోంచి ధాన్యం తీసింది కనకం. అచ్చియ్యమ్మకి ఒక్కర్తే కూతురు, పద్నాలుగేళ్ళు. అమ్మ మంచాన ఉంటే కూతురు తియ్యాలి, తండ్రి తీస్తాడా? ఆసుపత్రి నుంచి వచ్చినావిడ మంచం మీద పడుకుని వింటోంది. పన్నెండో రోజు పొద్దున్న గాదె గదిలోంచి దగ్గు వినబడింది. తన దగ్గులాంటిదే. అదే ఎండు దగ్గు, అదే చివర్న ఈల. 

తనకి నలభై రోజులు పట్టింది. పిల్లకి పన్నెండే. తన చెమటా పిల్ల చెమటా ఒకటే కాబోలు, గాదెకి సగం పాఠం ముందే వచ్చేసింది అనుకుంది. ఆ చదువురాని మనిషి అనుకున్నది అక్షరాలా నిజం.

మంచం దిగింది. ఆవేళే పెట్టెలో ఉన్న పాత రేషన్ బియ్యంతో వండింది. ఊరుకోకుండా ఒక పని చేసింది. తన కోళ్ళలో రెండు పెట్టల్ని విడిగా కట్టింది. ఒకదానికి చేతిసంచిలోని గింజలు వాకిట్లో చల్లింది. రెండోదాన్ని రోజూ గాదె కన్నం మూత సందులోంచి రాలే గింజలు ఏరుకు తిననిచ్చింది. తను మాత్రం గుమ్మం ఇవతలే నిలబడింది. వాకిట్లో పెట్ట గుడ్డు పెట్టింది. కన్నం కింద పెట్ట నలభై మూడో రోజున ముక్కు తెరుచుకుని మెడ వాల్చేసింది. అదే గాదె ఎలా పనిచేస్తోందో చూడ్డానికి వారం వారం వచ్చే పరిశోధన కేంద్రం జవాన్లు ముగ్గురూ గుండ్రాళ్ళలా ఉన్నారు. వాళ్ళు గాదెలో పోస్తారు, పురుగుల్ని వదుల్తారు, ఎత్తు కొలుస్తారు. ఒక్కనాడూ గింజ తీసి ఎరగరు.

చచ్చిన కోడిని గుడ్డలో మూటకట్టుకుని, కుంచం చంకన పెట్టుకుని, మొదటి బస్సుకి కేంద్రానికెళ్ళింది.

ఎర్రునాయుడి బల్ల మీద మూట విప్పేసరికి అతను మొహం చిట్లించాడు. ఆమె చెప్పింది చెప్పినట్టు విన్నది ఝాన్సీ ఒక్కర్తే. వింటూనే బీరువాలోంచి ఆరేళ్ళ ప్రయోగాల పుస్తకాలు తీసి తిరగేసింది. ఒక పేజీ, ఇంకో పేజీ. చివరికి తలెత్తింది.

"ఇరవై ఇద్దరి మీద పరీక్షించామండి. అందరూ పోసినవాళ్ళే, తీసినవాళ్ళు ఒక్కరూ లేరు. ఇక్కడ మనం ధాన్యం ఎప్పుడూ గొట్టంతోనే లాగాం."

 ఆ మొక్క నేర్చుకున్నది పురుగుని కాదు, గింజ తగ్గించే ప్రతి ప్రాణినీ అని అక్కడున్న ముగ్గురికీ ఒకేసారి అర్థమైంది. ఆరేళ్ళు పగలూ రాత్రీ తల బద్దలు కొట్టుకున్న మనిషికి ఇది ఎందుకు తోచలేదంటారా? అన్నం దానంతటదే కంచంలోకి వచ్చే ఇంట్లో పెరిగాడు. గాదెలోంచి ధాన్యం ఒకరు తియ్యాలన్న సంగతే అతని లెక్కలోకి రాలేదు.

అర్థమయ్యాక అతను చేసింది చూడండి. కుర్చీలో వెనక్కి వాలి, సరిగ్గా రెండు నెలల్లో ఢిల్లీ నుంచి కమిటీ వస్తోందన్నాడు. వాళ్ళు ఔనంటే వంద ఊళ్ళకి వంద గాదెలు వెళ్తాయి. అన్నిటికన్నా ముందు నలభై రోజులు ఇంట్లో వాడినట్టు రిజిస్టరు కావాలి. కమిటీ వచ్చి వెళ్ళిపోనీ, తర్వాత మొక్కని సరిచేద్దాం అన్నాడు.

"అందాకా తీసేదెవలు బాబూ?"

"కనకం ఉందిగా."

అచ్చియ్యమ్మకి తొమ్మిదేళ్ళ వాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకున్న రోజులన్నీ ఒక్కసారి చేదెక్కిపోయాయి. ఆ క్షణాన అతన్ని అసహ్యించుకుంది. దాచుకోలేదు కూడా.

"నాను తియ్యను, నా కూతురు తియ్యదు. ఊర్లో ఏ ఆడదాన్నీ ఆ గడప తొక్కనివ్వను. నీ గాదె, నువ్వే తీసుకో."

కుంచం బల్ల మీద పెట్టేసి వచ్చేసింది. అన్నంత పనీ చేసింది. కనకాన్ని కన్నవారింటికి పంపేసింది. వీధి మొదలు చివరిదాకా ప్రతి ఇంటి ముందూ నిలబడి కోడి సంగతి చెప్పింది. మొదట్లో నవ్విన ఆడవాళ్ళే ఇప్పుడు పిల్లల్ని ఆ ఇంటి వైపు వెళ్ళనివ్వడం మానేశారు. కూలికి రమ్మంటే ఒక్కర్తీ రాలేదు. జవాన్లు ముగ్గురూ మాట విని సెలవు పెట్టారు. తవిటినాయుడు ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు, గాదె వైపు మాత్రం వెళ్ళలేదు.

చివరికి ఎర్రునాయుడే వచ్చాడు. అతనికి పౌరుషం తలకెక్కింది. ఝాన్సీ చెప్పింది ఒక ఊహ మాత్రమేననీ, రుజువు కానిది తను నమ్మననీ, మూఢనమ్మకాలకి విరుగుడు తన చెయ్యేననీ వాకిట్లో నిలబడి అందరికీ వినబడేలా చెప్పాడు. మూత లాగాడు, కుంచెడు పట్టాడు, రిజిస్టరులో సంతకం పెట్టాడు. మగవాడు కన్నంలో చెయ్యి పెట్టడం చూడలేక తవిటినాయుడు మొహం తిప్పేసుకున్నాడు.

మొదటి పదిహేను రోజులూ అతని హుషారు అంతా ఇంతా కాదు. కుంచం తీసుకొచ్చి వదిన ముందు ఎత్తి చూపేవాడు. ఏదీ, నన్నేం చేసింది నీ గాదె అనేవాడు.  ఆమె ఆ ధాన్యం ముట్టుకునేది కాదు.

పంతొమ్మిదో రోజున కళ్ళు నలుపుకుంటూ బయటికొచ్చాడు. ఇరవై ఆరో రోజున కుడిచేతికి గుడ్డ చుట్టి ఉంది. అడిగితే వేడినీళ్ళు పడ్డాయన్నాడు. ముప్ఫయ్యో రోజున అచ్చియ్యమ్మ పశువులకి గడ్డి వెయ్యడానికెళ్తే, సావిడి వెనక గోడకానుకుని, ఊపిరి పీల్చే గొట్టం నోట్లో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతున్నాడు. ఎండు దగ్గు, చివర్న ఈల.

ఆమె ఎంత కోపంగా ఉన్నా కాళ్ళు ఆగలేదు. మిరియాలు దంచి వేడినీళ్ళల్లో వేసి తెచ్చి అతని ముందు పెట్టింది.

"సెప్పీ బాబూ. తప్పైపోనాదని ఒక్క మాట సెప్పీ. నిన్నెవలూ ఏటీ అనరు."

"దుమ్ము" అన్నాడతను. "మర దుమ్ము."

విజయనగరం డాక్టరు తనతో అన్న మాటే. నీళ్ళు ముట్టుకోకుండా వెళ్ళిపోయాడు. ఆ మాటతో ఆమెకి ఉన్న కాస్త జాలీ ఆవిరైపోయింది. వీడికి తెలిసిపోయింది. తెలిసి తెలిసి వంద ఇళ్ళల్లో వంద మంది ఆడవాళ్ళ గొంతుల మీదికి ఈ గాదెని తోలబోతున్నాడు. కమిటీ ముందు ఏం చెయ్యాలో ఆమె ఆ సావిడిలోనే నిశ్చయించుకుంది. పెద్ద ఎత్తేమీ కాదు, కుంచం ఎవరి చేతిలో ఉండాలో అక్కడే ఉంచాలి, అంతే.

నలభై ఒకటో రోజున మూడు కార్లొచ్చాయి. కమిటీ పెద్ద ఒక నెరిసిన జుట్టావిడ, మాటా మంతీ తక్కువ, చూపు మాత్రం కాగితం మీంచి కదలదు. రిజిస్టరు పేజీ పేజీ తిప్పింది. ఎర్రునాయుడు గాదె గదికి ఐదారు అడుగుల అవతల నిలబడి మాట్లాడుతున్నాడు. పురుగు, పందికొక్కు, విషం లేని ధాన్యం, తల్లిలాంటి వదిన చెప్పిన చిట్కా. మధ్య మధ్య ఆగి నీళ్ళు తాగుతున్నాడు. గొంతు బొంగురుపోయిందని నవ్వుతున్నాడు.

బడి తెరిచారని ముందురోజే కనకాన్ని తీసుకొచ్చారు. పక్కింట్లో ఉండమని తల్లి పదిసార్లు చెప్పినా, కార్లు చూద్దామని పిల్ల గుమ్మం దాకా వచ్చింది. కమిటీవాళ్ళు ధాన్యం తీసి చూపించమన్నారు. ఎర్రునాయుడు చుట్టూ చూశాడు. గుమ్మంలో ఉన్న పిల్ల మీద అతని కళ్ళు ఆగాయి.

"కనకం, ఇలా రామ్మా. ఆ కుంచంతో కాసిని గింజలు తీసి మేడంగారికి చూపించు."

ఎంత ముద్దుగా అన్నాడో! పిన్నా పెద్దా అన్న మర్యాద తెలిసిన పిల్ల, చిన్నాన్న పిలిస్తే కాదనదు. గోడకున్న కుంచం అందుకుంది. గడప దాటడానికి కాలెత్తింది. అచ్చియ్యమ్మ ఒక్క అంగలో వచ్చి పిల్ల మణికట్టు పట్టుకుని వెనక్కి లాగింది. కుంచం లాక్కుని తెచ్చి మరిది చేతిలో పెట్టింది.

"నలబై రోజులూ తీసినది నువ్వు బాబూ. తియ్యి."

అతను వదిన వంక చూశాడు. కళ్ళతోనే బతిమాలాడు. ఆమె కళ్ళు తిప్పుకోలేదు. కమిటీ పెద్దావిడ రిజిస్టరులోంచి తలెత్తి, నిజమే, సంతకాలన్నీ మీవే ఉన్నాయి, మీరే తీసి చూపించండి అంది.

ఎర్రునాయుడు గుండెల నిండా గాలి పీల్చుకుని, ఊపిరి బిగబట్టి లోపలికెళ్ళాడు. అలా ఎంతసేపు ఉండగలనో ఇంటి దగ్గర లెక్క చూసుకునే వచ్చి ఉంటాడు. వంగి మూత లాగాడు. ఆకులు కన్నం దగ్గర తెల్లబడ్డాయి, తెలుపు గోడంతా ఎగబాకింది. కమిటీవాళ్ళు అబ్బా అని ముచ్చటపడ్డారు. కుంచంలోకి ధాన్యం సన్నటి ధారగా పడుతోంది. కుంచం చిన్నదేం కాదు. సగానికి వచ్చింది. అతని మెడ నరాలు పొంగాయి. ముప్పాతికకి వచ్చింది. ఇంక ఆగలేక ఒక్కసారి పీల్చేశాడు.

కుంచం దొర్లింది. ధాన్యం నేలంతా చెల్లాచెదురైంది. ఎర్రునాయుడు మోకాళ్ళ మీద కూలిపోయి రెండు చేతులతో గొంతు పట్టుకున్నాడు. నోరు తెరిచి ఉంది, చప్పుడు లేదు. కమిటీవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు, ఎవరూ లోపలికి అడుగు పెట్టలేదు.

"ఏమైంది ఆయనకి?" అంది పెద్దావిడ.

"ఏటీ నేదమ్మా" అంది అచ్చియ్యమ్మ. "మానసికం."

ఆ మాట రిజిస్టరులో ఏ పేజీలో ఉందో పెద్దావిడకి గుర్తే. ఆమె ముఖం పాలిపోయింది. అరుగు మీద తవిటినాయుడు తల దించుకున్నాడు.

ఆ మాట అనడానికి అచ్చియ్యమ్మ ఎన్ని నెలలు కాచుకుందో! అన్నాక మాత్రం నిలబడలేకపోయింది. నేల మీద గిలగిల్లాడుతున్నవాడు తొమ్మిదేళ్ళ వాడిలాగే కనబడ్డాడు. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని లోపలికి దూకింది. గాదె ఆమెని మరిచిపోలేదు. ఆకులు ఇంకాస్త తెల్లబడ్డాయి. చొక్కా మెడ పట్టుకుని ఈడ్చింది. రెండడుగులకి ఆమె గొంతూ మూసుకుపోయింది, కళ్ళు బైర్లు కమ్మాయి. పట్టు వదల్లేదు. గడప దాకా లాగి అక్కడ పడిపోతే, కమిటీ వెనకాల నిలబడ్డ ఝాన్సీ ఒక్కర్తే ముందుకొచ్చి ఇద్దర్నీ వాకిట్లోకి లాగింది.

చాలాసేపటికి ఎర్రునాయుడికి ఊపిరందింది. పెద్దావిడ మళ్ళీ అడిగింది, ఏమైందని. అతను వదిన వైపు చూడలేదు. గుమ్మానికి అతుక్కుపోయి వణుకుతున్న కనకం వైపు చూశాడు.

"అది తీసేవాళ్ళని చంపుతుంది" అన్నాడు. "నాకు ముందే తెలుసు."

పెద్దావిడ ఆ రెండు మాటలూ రాసుకుని కారెక్కింది. వంద గాదెలూ ఆగిపోయాయి. ఎర్రునాయుడి ఉద్యోగం పోయింది. ఊపిరి గొట్టం లేకుండా పది అడుగులు నడవలేడు. ఆ ఇంటి గడప మళ్ళీ తొక్కలేదు. అచ్చియ్యమ్మ కూడా రమ్మనలేదు. పండక్కి మాత్రం ఒక గిన్నెలో ఏదో వండి బస్సు మీద పంపుతుంది. గిన్నె ఖాళీగా తిరిగొస్తే తిన్నాడనుకుంటుంది.

గాదెని నరకడానికి రెండు రోజులు పట్టింది. ఆ పని జవాన్లే చేశారు, పోసినవాళ్ళు కనక వాళ్ళని అదేమీ చెయ్యలేదు. వేళ్ళతో సహా తవ్వి సున్నం పోసి పూడ్చారు. ఆ చోట మళ్ళీ వెదురు గాదె వెలిసింది. నీడన ఎండిన వావిలాకు, నలగ్గొట్టిన వస కొమ్ము, పొయ్యి బూడిద, అడుగున వేపాకు. ఆ ఏడు ధాన్యంలో అక్కడక్కడా ముక్క పురుగు కనబడింది. అచ్చియ్యమ్మ చేటలో చెరిగి కోళ్ళకి వేసింది.

కొత్త గాదెలో మొదటి రోజు కుంచం తీసుకెళ్ళి మొగుడి ఒళ్ళో పడేసింది. ఇకనించీ నువ్వే తియ్యాలంది. తవిటినాయుడు గుడ్లురిమాడు, ఆచారమన్నాడు, గాదె అడుగంటుతుందన్నాడు. ఆమె పొయ్యి ఆర్పేసింది. రెండు పూటలు చూసి మూడో పూటకి లేచి వెళ్ళి మూత ఎటు లాగాలని అడిగాడు.

అతను ఊళ్ళో లేని రోజు మాత్రం కనకం తీస్తుంది. ఆ గదిలో ఇప్పుడు ఎండాకు వాసన తప్ప ఏమీ లేదు. ఆ సంగతి పిల్లకీ తెలుసు. అయినా గడప ఇవతల ఆగుతుంది, గుండెల నిండా గాలి పీల్చుకుంటుంది, పెదాలు బిగించి లోపలికెళ్తుంది. కుంచం నిండి బయటికొచ్చేదాకా ఊపిరి వదలదు. వాకిట్లో పని చేసుకుంటున్న అచ్చియ్యమ్మ చేతులు ఆగిపోతాయి. పిల్ల మళ్ళీ గాలి పీల్చిన చప్పుడు వినబడేదాకా ఆమె కూడా పీల్చదు.